టెక్ సందేహాలు: ఏ నంబరుకు చేసినా హెడ్డాఫీసులోనే మోగుతోంది

ప్రశ్న: మాకు మూడు చోట్ల ఆఫీసులున్నాయి, మూడింటికీ వేర్వేరు నంబర్లు. హెడ్డాఫీసులో ఫ్రీపీబీఎక్స్ (ఆఫీసు ఫోన్లను నడిపే సాఫ్ట్‌వేర్) సర్వర్ పెట్టి, ఒకే సిప్ ట్రంక్ (ఆపరేటర్ నుంచి నెట్‌వర్క్ మీదుగా వచ్చే ఫోన్ లైన్) మీద అన్నీ నడుపుతున్నాం. బయటివాళ్లు ఏ నంబరుకు చేసినా హెడ్డాఫీసు రిసెప్షన్‌లోనే మోగుతోంది. ఏ నంబరుకు వచ్చిన కాల్ ఎటు వెళ్లాలో చెప్పే ఇన్‌బౌండ్ రూట్లు మూడూ పెట్టే ఉన్నాయి. తప్పెక్కడ?

జవాబు: రూట్లు తీసేసి మళ్లీ అలాగే పెడితే ఏమీ మారదు. ఆపరేటర్ మీకు నంబరును ఏ రూపంలో పంపుతున్నాడో ముందు అది చూడండి. రూట్‌లో మీరు రాసిన డీఐడీ నంబరు (బయటివాళ్లు డయల్ చేసే మీ నంబరు), కాల్‌తో పాటు వచ్చిన నంబరు అంకెకి అంకె సరిపోతేనే ఆ రూట్ పనిచేస్తుంది. మీరేమో దేశం కోడ్ లేకుండా రాసి ఉంటారు, వాళ్లు ప్లస్ గుర్తుతో సహా పంపుతుంటారు, లేదా ముందు సున్నా తగిలిస్తారు, కొందరైతే చివరి 4 అంకెలే పంపుతారు. ఏదీ సరిపోకపోతే, డీఐడీ గడి ఖాళీగా వదిలిన రూట్ ఏదైనా ఉంటే కాల్ అందులోకి వెళ్లిపోతుంది. మీ దగ్గర ఆ ఖాళీ రూట్ రిసెప్షన్‌కి పెట్టి ఉంటుంది, అందుకే అన్నీ అక్కడే మోగుతున్నాయి.

ఇందులో ఊహించాల్సిన పని లేదు, కళ్లతో చూడొచ్చు. సర్వర్‌లో సిప్ మెసేజ్‌లను చూపించే ఎస్ఎన్‌గ్రెప్ (sngrep) అనే ప్రోగ్రాం నడిపి, సెల్ నుంచి రెండో బ్రాంచికి ఒక కాల్ చేయండి. అప్పుడొచ్చిన ఇన్‌వైట్ (కాల్ మొదలుపెట్టే) మెసేజ్ తెరిస్తే, మొదటి లైన్లో @ గుర్తుకు ముందున్నదే మీ పీబీఎక్స్‌కి అందిన నంబరు. దాన్ని ఉన్నదున్నట్టు, ప్లస్ ఉంటే ప్లస్‌తోనే, రూట్‌లో రాసి అప్లై కాన్ఫిగ్ నొక్కండి.

ఒకవేళ మూడు నంబర్లకు చేసినా ఆ మొదటి లైన్లో మీ ట్రంక్ అకౌంట్ పేరో, మెయిన్ నంబరో ఒక్కటే కనిపిస్తోందనుకోండి, అప్పుడు కిందనున్న టూ హెడర్ (To: అని మొదలయ్యే లైను) చూడండి, అసలు డయల్ చేసిన నంబరును అక్కడ పెట్టే ఆపరేటర్లున్నారు. అలాగైతే ట్రంక్ సెట్టింగుల్లో కాంటెక్స్ట్ గడిలో ఫ్రమ్-పీఎస్‌టీఎన్ తీసేసి ఫ్రమ్-పీఎస్‌టీఎన్-టూహెడర్ (from-pstn-toheader) అని ఇంగ్లిషు చిన్నక్షరాల్లో రాయాలి. ఈ ఒక్క గడి తెలియక రోజుల తరబడి రూట్లు మార్చుకుంటూ కూర్చునేవాళ్లున్నారు, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

ఖాళీ రూట్‌ని మాత్రం తీసేయకండి. అది కూడా లేకపోతే చేసినవాళ్లకు ఈ నంబరు పనిచేయడం లేదన్న మాట వినిపించవచ్చు, వ్యాపారానికి అంతకంటే నష్టం లేదు. దానికి కాలర్ ఐడీ ముందు ఏదైనా గుర్తు పదం వచ్చేలా ప్రిఫిక్స్ పెట్టుకుంటే, దారి తప్పి వచ్చిన కాల్ ఏదో రిసెప్షన్‌లో వాళ్లకు వెంటనే తెలుస్తుంది.

రూట్ కుదిరాక ఇంకో పని ఉంది. ఎవరూ ఎత్తకపోతే కాల్ ఎటు పోవాలో ప్రతి బ్రాంచికీ చివరిదాకా కాగితం మీద గీయండి. బ్రాంచి రింగ్ గ్రూప్‌లో (ఒక కాల్‌కి మోగే ఫోన్ల జట్టు) 20 సెకన్లు, అక్కడ ఎత్తకపోతే హెడ్డాఫీసు క్యూ (కాల్స్ వరుసలో ఆగే చోటు), అక్కడా కాకపోతే వాయిస్ మెయిల్. రెండో బ్రాంచి ఎత్తకపోతే హెడ్డాఫీసుకి, హెడ్డాఫీసు ఎత్తకపోతే రెండో బ్రాంచికి అని పెట్టారో, కాల్ అక్కడక్కడే తిరుగుతుంది, అవతలివాళ్లు విసిగి పెట్టేసేదాకా. సిప్‌లో మ్యాక్స్ ఫార్వర్డ్స్ అనే లెక్క ఉంది, మామూలుగా 70 నుంచి మొదలై సర్వరు దాటిన ప్రతిసారీ ఒకటి తగ్గుతుంది, కానీ ఒకే పీబీఎక్స్ లోపల తిరిగే కాల్‌ని అది ఆపలేదు.

సెల్‌ఫోన్లకు మళ్లించే ఆలోచన ఉంటే రింగ్ గ్రూప్‌లో ఆ నంబరు చివర # పెట్టి, కన్‌ఫర్మ్ కాల్స్ ఆన్ చేయండి. అది అన్ని ఫోన్లూ ఒకేసారి మోగే రింగాల్ పద్ధతిలోనే పనిచేస్తుంది. సెల్ తీసినవాళ్లు 1 నొక్కితేనే కాల్ కలుస్తుంది కాబట్టి, ఆ సెల్ వాయిస్ మెయిల్ మీ కస్టమర్‌ని ఎత్తుకుపోదు. ఇలా అదే ట్రంక్ మీదుగా మళ్లించిన ప్రతి కాల్‌కీ రెండు చానెళ్లు పడతాయి, లోపలికి ఒకటి, బయటికి ఒకటి. మీకు 4 చానెళ్లే ఉంటే అలాంటి రెండు కాల్స్‌తో ట్రంక్ నిండిపోతుంది, మూడోవాళ్లకు బిజీ వస్తుంది.

ప్రశ్న: హెడ్డాఫీసు నుంచి వీపీఎన్ (ఆఫీసుల నెట్‌వర్కులను కలిపే ప్రైవేటు దారి) మీద బ్రాంచికి కాల్ ట్రాన్స్‌ఫర్ చేస్తే ఒక వైపు మాటే వినిపిస్తోంది. కారణం ఏంటి?

జవాబు: చాలాసార్లు ఇది అడ్రసుల గొడవే. ఆస్టరిస్క్ సిప్ సెట్టింగ్స్‌లో లోకల్ నెట్‌వర్క్స్ కింద ఆ బ్రాంచి సబ్‌నెట్ (అక్కడి నెట్‌వర్క్ అడ్రసుల శ్రేణి) రాశారా? రాయకపోతే సర్వర్ ఆ ఫోన్లను బయటివిగా అనుకుని తన పబ్లిక్ ఐపీ ఇస్తుంది, మాట అటు పోయి ఆగిపోతుంది. రెండు ఆఫీసుల్లోనూ 192.168.1.0 నెట్‌వర్కే ఉంటే మాత్రం ముందు ఒకదాన్ని మార్చక తప్పదు. మధ్యలో ఫైర్‌వాల్ ఉంటే మాట వెళ్లే యూడీపీ 10000 నుంచి 20000 వరకు పోర్టులు రెండు వైపులా తెరవండి, రౌటర్లో సిప్ ఏఎల్‌జీ (సిప్ మెసేజ్‌లను మధ్యలో మార్చే సదుపాయం) ఆన్‌లో ఉంటే ఆపేయండి.