పాత ఫిల్మ్ కెమెరా కొనేముందు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఫిల్మ్ కెమెరాల మీద ఉత్తరాలు ఎక్కువగా వస్తున్నందున ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇస్తున్నాం. డిజిటల్ వచ్చాక మూలపడ్డ స్టూడియో కెమెరాలు గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ బీరువాల్లోంచి, అటకల మీంచి బయటికొస్తూనే ఉన్నాయి. ఇంకా ఏళ్ళ తరబడి పనిచేసేవి వాటిలో ఉన్నాయి. పైకి మెరుస్తూ లోపల పాడైనవీ ఉన్నాయి. తేడా కనిపెట్టడానికి ఒక టార్చి, ఒక ఫోను, పనికిరాని రీలొకటి, అరగంట తీరిక ఉంటే చాలు.

ప్రశ్న: మా ఊళ్ళో స్టూడియో ఎత్తేసినవాళ్ళు పెంటాక్స్ కె1000 అమ్ముతున్నారు. సెల్లు లేకుండానే క్లిక్‌మంటోంది కాబట్టి కండిషన్‌లో ఉన్నట్టే అంటున్నారు. నమ్మొచ్చా? (పాలకొల్లు)

క్లిక్ ఒక్కటే చూసి డబ్బివ్వకండి. కె1000 పూర్తిగా మెకానికల్ కెమెరా. అందులో సెల్లు లైట్ మీటర్ కోసమే, షట్టర్ (ఫిల్మ్ మీదికి వెలుతురుని వదిలి మూసుకునే తెర) నడిచేది స్ప్రింగుల మీద. అందుకే సెల్లు లేకపోయినా క్లిక్‌మంటుంది. అయితే షట్టర్ తెరుచుకుందని ఆ చప్పుడు చెబుతుందే గానీ ఎంతసేపు తెరుచుకుందో చెప్పదు.

ముందు రీలు వెనక్కి చుట్టే క్రాంక్‌ని బాణం గుర్తు వైపు మెల్లిగా తిప్పండి. బిగువుగా తగిలితే లోపల ఫిల్మ్ ఉన్నట్టు. వదులుగా తిరిగితే ఆ నాబ్‌ని పైకి లాగి వెనక మూత తెరవండి, లెన్స్ విప్పేయండి. కెమెరాని వెలుతురున్న తెల్లగోడకి ఎదురుగా పట్టుకుని, వెనక నుంచి చూస్తూ ఒక్కో స్పీడు దగ్గరా నొక్కండి. మొదట 1 సెకను పెట్టండి. 1, 1/2, 1/4 లాంటి నిదానం స్పీడులు చిన్న పళ్ళచక్రాల వరస మీద నడుస్తాయి. ఏళ్ళ తరబడి వాడకపోతే వాటిలో గ్రీజు గట్టిపడుతుంది. అప్పుడు షట్టర్ తెరుచుకుని మధ్యలో ఆగిపోతుంది, లేదా ఒక సెకను కాస్తా రెండు సెకన్లవుతుంది. బాగున్న కెమెరాలో ఆ చక్రాల చప్పుడు మొదటినుంచి చివరిదాకా ఒకే తీరుగా వినిపిస్తుంది. అమ్మేవాళ్ళు పదిసార్లు నొక్కి, వేడెక్కించి చేతికిచ్చిన కెమెరాని నమ్మకండి. రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున్నే వేసిన మొదటి క్లిక్కే నిజం చెబుతుంది. ఆ అవకాశం లేకపోతే ఒక గంట పక్కన పెట్టించి మళ్ళీ చూడండి.

ఫోన్‌లో స్లో మోషన్ ఉంటే కొలత కూడా దొరుకుతుంది. సెకనుకి 240 ఫ్రేముల దగ్గర వీడియో తీసి, షట్టర్ తెరిచి ఉన్న ఫ్రేములు లెక్కపెట్టండి. 1/8కి సుమారు 30, 1/30కి సుమారు 8 రావాలి. 1/60 దాటాక ఈ లెక్క కుదరదు. మామూలు కలర్ నెగెటివ్ ఫిల్మ్ అర స్టాపు తేడాని (వెలుగు రెట్టింపయినా సగమైనా అది ఒక స్టాపు) తేలిగ్గా తట్టుకుంటుంది కాబట్టి ఒకటి రెండు ఫ్రేముల తేడాకి కంగారుపడొద్దు.

1/500, 1/1000 దగ్గర చూడాల్సింది వేరు. ఈ కెమెరాలో రెండు గుడ్డ తెరలు ఒకదాని వెనక ఒకటి అడ్డంగా పరిగెడతాయి. వేగం పెరిగేకొద్దీ వాటి మధ్య సందు సన్నబడుతుంది. మొదటి తెర నీరసించిందా, రెండోది దాన్ని దారిలోనే అందుకుని సందు మూసేస్తుంది. ఫొటోలో ఒక పక్క చీకటి పడేది అందుకే. వెనక నుంచి చూస్తూ 1/1000 దగ్గర నొక్కితే వెలుగు చట్రం మొత్తం మీద ఒకే రీతిలో మెరవాలి. ఒక అంచు నల్లగా ఉండిపోతే అది సర్వీసు పని, ఆ ఖర్చు బేరంలో తగ్గించి అడగండి.

గుడ్డ తెరల మీద ముడతలు, పగుళ్ళు, సూది బెజ్జాలు వెతకండి. ఫిల్మ్‌ని ముందుకు జరిపే లివర్ లాగక ముందు ఒకసారి, లాగిన తర్వాత ఒకసారి చూడాలి. లాగక ముందు కనిపించేది రెండో తెర, లాగాక కనిపించేది మొదటిది. ఒక్కసారే చూస్తే సగమే చూసినట్టు.

తర్వాత పనికిరాని రీలు ఎక్కించి, మూత తెరిచే ఉంచి లివర్ లాగండి. ఒక్కో లాగుకి ఫిల్మ్ అంచున ఉన్న బెజ్జాలు సరిగ్గా 8 జరగాలి. ఒకసారి ఏడు, ఒకసారి తొమ్మిది జరిగితే ఫొటోలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, లేదా మధ్యలో ఖాళీలు పోతాయి.

ఇక స్పాంజి. వెనక మూత గాడుల్లోనూ, అద్దం పైకి లేచి తగిలే చోటా నల్ల స్పాంజి ఉంటుంది. పాత కెమెరాల్లో అది దాదాపు ఎప్పుడూ కరిగి జిగురుగా మారి ఉంటుంది. వేలితో తాకితే నల్లగా అంటుకుంటుంది. దీన్ని చూసి కెమెరా వదిలేయకండి, ఇది ఇంట్లోనే మార్చుకోగలిగే భాగం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన అగరబత్తి పుల్లతో పాతది గీకి, మూత గాడుల్లో నల్ల ఊలు దారం, కీలు పక్కన 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల నల్ల ఫోమ్ అతికించాలి. గీకేటప్పుడు కెమెరాని తెరిచిన వైపు కిందికి ఉండేట్టు పట్టుకోండి. ఆ ముక్క ఒక్కటి షట్టర్ తెర మీద పడినా తెర అంటుకుపోతుంది.

చివరగా అడుగున సెల్లు మూత నాణెంతో తిప్పి చూడండి. పచ్చటి చిలుము, తెల్లటి పొడి కనిపిస్తే సెల్లు లోపలే కారిందన్నమాట. కొంచెమైతే నిమ్మరసంలో ముంచిన దూదిపుల్లతో తుడిచి, తర్వాత ఆల్కహాల్‌తో ఆరబెడితే పోతుంది. ఎక్కువైతే తీగ లోపలిదాకా తినేసి ఉండొచ్చు. ఎల్ఆర్44 సెల్లు ఒకటి వేసి, ఆకాశం వైపు, గది మూల వైపు చూపించి ముల్లు కదులుతోందో లేదో గమనించండి. ఫోన్‌లోని లైట్ మీటర్ యాప్‌తో పోల్చి చూసుకోండి. కె1000లో మీటర్‌కి స్విచ్ లేదు, లెన్స్ మీద మూత పెట్టకపోతే సెల్లు అయిపోతూనే ఉంటుంది.

ప్రశ్న: కొనాలనుకున్న లెన్స్‌లో తెల్లటి దారాల్లా కనిపిస్తున్నాయి. తుడిస్తే పోతాయా? మిగతా లెన్స్‌లకి అంటుకుంటాయా? (అమలాపురం)

అది ఫంగస్. కాలవలూ కొబ్బరితోటల మధ్య ఉన్న కోనసీమ ఇళ్ళలో, అందులోనూ వానాకాలంలో, బీరువాలో దాచిన కెమెరాకి ఇది రాకపోవడమే అరుదు. లెన్స్ విప్పి, ఎపర్చర్ (లెన్స్‌లో వెలుతురు దూరే రంధ్రం) పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చిని ఏటవాలుగా వేసి ముందు నుంచి చూడండి. సాలెగూడులా కొమ్మలు కొమ్మలుగా పాకితే ఫంగస్. అద్దం మొత్తం మీద పల్చటి పొగలా ఉంటే లోపలి నూనె ఆవిరై పేరుకున్న మసక. అంచు నుంచి లోపలికి రంగులు మెరిసే మచ్చ పాకుతుంటే అతికించిన రెండు అద్దాలు విడిపోతున్నాయని అర్థం. విడిగా నాలుగు దుమ్ము రేణువులుంటే అసలు పట్టించుకోకండి.

ముందు అద్దం మీదో వెనక అద్దం మీదో కొద్దిగా ఉన్న ఫంగస్‌ని మెకానిక్ తుడవగలడు. కానీ చాలాకాలం ఉంటే అది కోటింగ్‌ని తినేస్తుంది, తుడిచినా ఆ ముద్ర మిగులుతుంది. అంచున రెండు మూడు పోగులుంటే ఫొటోలో తెలియదు, ధర తగ్గిస్తే తీసుకోవచ్చు. మొత్తం మసకబారిన లెన్స్‌తో వెలుతురుకి ఎదురుగా తీస్తే మాత్రం ఫొటో తేలిపోతుంది. అతికించిన అద్దాల మధ్య ఫంగస్ ఉన్నా, అద్దాలు విడిపోతున్నా వదిలేయండి. ఆ రిపేరు ఖర్చుతో ఇంకో లెన్స్ వస్తుంది. ముందు అద్దం మీద గీత ఒకటి ఉందని భయపడేవాళ్ళు చాలామంది. లోపలి మసకతో పోలిస్తే దానివల్ల నష్టం చాలా తక్కువ.

అంటుకోవడం గురించి: దాని విత్తులు గాలిలో ఎప్పుడూ ఉంటాయి, మొలవడానికి చెమ్మ కావాలి. గాలిలో తేమ 60 శాతం దాటిన చోట ఎన్నాళ్ళో ఉంచితే ఎంత మంచి లెన్స్‌కైనా వస్తుంది. తుడిపించేదాకా దాన్ని వేరుగా ఉంచండి. రబ్బరు అంచున్న గట్టి మూత డబ్బాలో ఓ 200 గ్రాముల సిలికా జెల్, చిన్న తేమ మీటర్ పెట్టి 40–50 శాతం మధ్య ఉండేట్టు చూసుకోండి. నారింజ రంగు జెల్ ఆకుపచ్చగా మారితే వేడి చేసి ఆరబెట్టి మళ్ళీ వాడుకోవచ్చు. తోలు కేసులో దాచొద్దు, తోలు చెమ్మ పీల్చి లెన్స్ పక్కనే అట్టిపెడుతుంది. కలరా ఉండలు చెమ్మని పీల్చవు. బియ్యం డబ్బాలో పెడితే మిగిలేది తవుడు దుమ్ము.

ప్రశ్న: యాషికా మ్యాట్ 124జి బేరంలో ఉంది. మీటర్ పనిచేస్తోంది గానీ ఫోన్ చూపించినదానికి పొంతన లేదు. (తణుకు)

ఇది ఒకదాని మీద ఒకటి రెండు లెన్స్‌లున్న కెమెరా. ఆ మీటర్‌ని 1.35 వోల్టుల మెర్క్యురీ సెల్లు కోసం తయారుచేశారు. ఆ సెల్లు ఇప్పుడు రావడం లేదు. అమ్మేవాళ్ళు అందులో 1.5 వోల్టుల ఆల్కలైన్ వేసి ఉంటారు. వోల్టేజీ ఎక్కువైతే ముల్లు ఎక్కువ కదిలి, ఉన్నదానికంటే వెలుతురు ఎక్కువుందని చూపిస్తుంది. దాన్ని నమ్మి తీస్తే ఫొటోలు నల్లబడతాయి. చెవి మిషన్లలో వేసే 675 నంబరు జింక్ ఎయిర్ సెల్లు 1.4 వోల్టులిస్తుంది. చుట్టూ చిన్న రబ్బరు రింగు పెట్టి వేసి చూడండి. స్టిక్కర్ తీశాక అది కొన్ని వారాలే వస్తుంది.

మీటర్ కంటే ముఖ్యమైనవి మూడున్నాయి. లెన్స్‌లో షట్టర్ రేకుల మీద నూనె మెరుస్తోందేమో చూడండి, నూనె చేరితే రేకులు ఒకదానికొకటి అతుక్కుని నిదానిస్తాయి. ఫిల్మ్‌ని వెనక నుంచి అదిమే ఒత్తుడు పలక మీరు వేసే ఫిల్మ్ రకం (120 లేదా 220) గుర్తు మీద ఉందా అన్నది రెండోది. మూడోది, పై లెన్స్‌లో చూసిన ఫోకస్సూ కింది లెన్స్ తీసే ఫోకస్సూ ఒకటేనా అన్నది. ఫిల్మ్ ఆనే లోపలి పట్టాల మీద ట్రేసింగ్ పేపర్ బిగువుగా పరిచి, బి స్పీడు (నొక్కి ఉంచినంతసేపూ షట్టర్ తెరిచి ఉండేది) మీద కేబుల్ రిలీజ్‌తో, అంటే బటన్‌ని నొక్కి పట్టే తీగతో, షట్టర్ తెరిచి ఉంచండి. ఎపర్చర్ 3.5 దగ్గర పెట్టి, దూరంగా ఉన్న దీపాన్ని పై నుంచి ఫోకస్ చేయండి. కాగితం మీద కూడా ఆ దీపం స్పష్టంగా పడాలి. సెల్ఫ్ టైమర్ జోలికి మాత్రం పోవద్దు. పాత కెమెరాల్లో అది మధ్యలో ఆగితే షట్టర్ మొత్తం బిగుసుకుపోతుంది.

ప్రశ్న: యాషికా ఎఫ్ఎక్స్-3 సూపర్ 2000 పైతొక్క అంతా ఊడిపోతోంది. లోపల కూడా అలాగే ఉంటుందా? (నరసాపురం)

ఉండక్కర్లేదు. ఆ మోడల్‌కి తొక్క ఊడటం మామూలే, కొత్తది కత్తిరించి అతికించుకోవచ్చు. లోపల షట్టర్ రేకులు లోహానివి, నిలువుగా కదులుతాయి. వాటిని వేలితో తాకకుండా, వంపు గానీ నల్ల జిగురు మరక గానీ ఉందేమో చూడండి.

ప్రశ్న: కెనాన్ ఏఈ-1 నొక్కినప్పుడల్లా కీచుమంటోంది. మినోల్టా ఎక్స్-700 అసలు నొక్కుడే పడటం లేదు. రెండిట్లో ఏది మేలు? (భీమవరం)

ఏఈ-1లో కీచు చప్పుడు అద్దాన్ని కదిలించే భాగాల్లో నూనె ఆరిపోవడం వల్ల వస్తుంది. ఫొటోలు వస్తూనే ఉంటాయి గానీ అలాగే వాడితే అద్దం కదలిక నిదానిస్తుంది. నూనె వేయించే ఖర్చు కలుపుకుని కొనండి. 6 వోల్టుల సెల్లు లేకపోతే ఏఈ-1 షట్టర్ పడదు, కాబట్టి 4ఎల్ఆర్44 ఒకటి వెంట తీసుకెళ్ళండి. సెల్లు తలుపు ప్లాస్టిక్ కొక్కెం విరిగి ఉందేమో కూడా చూడండి.

ఎక్స్-700లో ముందు రెండు ఎల్ఆర్44లు కొత్తవి వేసి చూడండి. అప్పటికీ లివర్ బిగుసుకుని, బటన్ పలకకపోతే లోపలి కెపాసిటర్ పోయి ఉంటుంది. ఆ మోడల్‌కి అది బాగా తెలిసిన జబ్బు. భాగం చవకే, కానీ కెమెరా విప్పి సోల్డరింగ్ చేయగలవాళ్ళు మీకు అందుబాటులో ఉండాలి. లేకపోతే కీచుమనేదే మేలు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో "టెస్ట్ చేయలేదు, ఉన్నదున్నట్టు" అని పెట్టారు. (కాకినాడ)

పనిచేయదనుకుని ధర కట్టండి. వెనక మూత తెరిచి 1 సెకను, 1/60, 1/1000 దగ్గర నొక్కిన వీడియో, లెన్స్‌లో టార్చి వేసిన ఫొటో, సెల్లు గది ఫొటో అడగండి. ఇవి పంపనివాళ్ళ దగ్గర కొనకండి.

ప్రశ్న: కెమెరా కొనేశాను. వారంలోగా తిరిగి ఇవ్వొచ్చన్నారు. మొదటి రీలుతో ఏం తీయాలి? (రాజమహేంద్రవరం)

200 ఐఎస్ఓ ఫిల్మ్ ఎక్కించి, ఏ ఫ్రేము ఏ సెట్టింగుతో తీశారో కాగితం మీద రాసుకోండి. మిట్ట మధ్యాహ్నం ఎండలో ఒకే గోడని (ముందుది స్పీడు, ఎఫ్ ఉన్నది ఎపర్చర్) 1/1000 ఎఫ్/8, 1/500 ఎఫ్/11, 1/250 ఎఫ్/16 దగ్గర తీయండి. తర్వాత నీడలో ఇంకో గోడని 1/125 ఎఫ్/8, 1/60 ఎఫ్/11, 1/30 ఎఫ్/16 దగ్గర తీయండి, చివరిదానికి స్టాండు వాడండి. ఒక్కో మూడింటిలోనూ ఫిల్మ్ మీద పడే వెలుగు సమానమే, కాబట్టి నెగెటివ్‌లు ఒకే ముదురులో రావాలి. ఏదైనా ఒక్కటి పల్చబడితేనో ముదిరితేనో లోపం ఆ స్పీడు దగ్గరో ఆ ఎపర్చర్ దగ్గరో ఉంది. దూరం ఫోకస్‌కి గోదావరి గట్టు మీంచి ఆర్చి బ్రిడ్జిని ఎపర్చర్ పూర్తిగా తెరిచి ఒకటి తీయండి, కమానులు అంచులతో సహా స్పష్టంగా రావాలి. లోపలికి వెలుతురు కారుతోందేమో తెలియడానికి మరొక ఫ్రేము ఎక్కించాక తీయకుండా కెమెరాని ఎండలో రెండు నిమిషాలు అటూ ఇటూ తిప్పి, తర్వాత తీయండి.

ల్యాబ్‌లో నెగెటివ్ కత్తిరించకుండా ఇమ్మని ముందే చెప్పండి. స్కాన్‌లు మాత్రమే చూసి తృప్తిపడొద్దు. మిషను వెలుతురు తేడాల్ని తనే సరిచేసేస్తుంది కాబట్టి షట్టర్ లోపం స్కాన్‌లో దాక్కుంటుంది. నెగెటివ్‌ని కిటికీకి ఎదురుగా పట్టుకుని ఫ్రేముల మధ్య ఎడం సమంగా ఉందో లేదో చూడండి. వెలుతురు చారలు ఉంటే అవి ఎక్కడిదాకా పాకాయో గమనించండి. అంచు బెజ్జాల మీదికి కూడా పాకితే వెనక మూత స్పాంజిలోంచి వచ్చినట్టు, దాన్ని మీరే మార్చుకోవచ్చు. ఫ్రేము లోపలే ఆగిపోతే షట్టర్ తెర వైపు నుంచి వచ్చినట్టు, వారం గడవకముందే తిరిగి ఇచ్చేయండి.