మీ నాన్న అస్థికలతో వస్తున్నావు కాబట్టి

రాజమహేంద్రవరం

చిరంజీవి రవికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మార్గశిరంలో మీ నాన్న అస్థికలు తీసుకొని, కోడలితోనూ ఆమె తల్లిగారితోనూ కలిసి వస్తున్నావని చదివాక, వాడు పోయిన కబురు తెలిసిన తరవాత మొదటిసారిగా మనసు కాస్త కుదుటపడింది. “మనిషి బూడిదను తీసుకెళ్లి ఏట్లో పారబోయడమేమిటి?” అని మీ అత్తగారు అడిగారనీ, కోపం వచ్చి జవాబు చెప్పకుండా అక్కడి నుంచి లేచి వెళ్లిపోయాననీ రాశావు. ఇక్కడ జరగవలసిన పని గురించీ, ఆమెకు చెప్పవలసిన జవాబు గురించీ నాకు తెలిసినంత రాస్తాను. ఈ రెండూ వేరువేరు సంగతులని నువ్వు అనుకుంటున్నట్టున్నావు, కాని మొదటిది నీకు సరిగా తెలియకపోవడం వల్లనే రెండోది నీకు కష్టమైందని నా అభిప్రాయం.

ప్రయాణం సంగతి ముందు చెబుతాను. అస్థికలను సామాన్ల పెట్టెలో వేయకుండా చేతిసంచిలోనే ఉంచుకో. లోహపు పాత్రలో ఉంటే విమానాశ్రయంలో ఎక్స్‌రే లోపలికి పోదు కాబట్టి చెక్క పెట్టెగాని, ప్లాస్టిక్ డబ్బాగాని మంచిది. మరణ ధ్రువీకరణ పత్రమూ, దహనం చేసిన చోట ఇచ్చిన పత్రమూ రెండేసి నకళ్లు దగ్గర పెట్టుకొని, విమాన సంస్థనూ భారత హైకమిషన్‌నూ ముందే అడిగి వాళ్లు కోరిన కాగితాలు సిద్ధం చేసుకో.

ఇక అసలు పని. ఇక్కడ కట్టెల చితి మీద దహనమైతే మూడో రోజునో, ఆచారాన్ని బట్టి మరో రోజునో సంచయనం చేస్తాం. నిప్పు మీద పాలూ నీళ్లూ చల్లి, చల్లారిన బూడిదలోంచి కాళ్ల దగ్గర మొదలుపెట్టి తల దాకా కొన్ని ఎముకలు ఏరి కొత్త కుండలో వేసి, మూతికి గుడ్డ కడతాం. ఆ కుండను ఇంట్లోకి తీసుకురారు. వెంటనే నదికి వెళ్లే వీలు లేకపోతే శ్మశానంలోనే చెట్టు కొమ్మకు వేలాడదీసి వస్తారు. మా నాన్న, అంటే మీ తాతగారి కుండ అలా రెండు రాత్రులు మర్రికొమ్మకు వేలాడింది. ఆ రెండు రాత్రులూ మీ నాన్న, నేను పొలం గట్టు మీద నిలబడి అటే చూశాం.

నీ దగ్గర ఉన్నది అలాంటిది కాదు. అక్కడి యంత్రంలో దహనమైన తరవాత ఎముకలను మరో యంత్రంలో వేసి పిండి చేసి ఇస్తారు. అందువల్ల నీ చేతికి వచ్చింది ఏరిన నాలుగు ఎముకలు కాదు, రెండు మూడు కిలోల బూడిదరంగు పొడి. పురోహితుడు మూత తీసి చూసి తెల్లబోవచ్చు. నేను ముందే చెప్పి ఉంచుతాను, నువ్వు కంగారుపడకు. అంతకన్నా ముఖ్యమైనది గాలి. నాలుగేళ్ల కిందట విదేశం నుంచి వచ్చిన ఒక పిల్లవాడు పడవలో నిలబడి, డబ్బాను భుజం ఎత్తున పట్టుకొని ఒక్కసారిగా వంచాడు. సగం నీళ్లలో పడింది, తక్కినది వెనక్కి కొట్టి వాడి చొక్కా మీదా పడవలో ఉన్న ఆడవాళ్ల మీదా పడింది. చేతులతో దులుపుకోవాలో వద్దో తెలియక వాళ్లంతా అలాగే బిగుసుకుపోయి కూర్చున్నారు. ఆ అవస్థ నీకు రాకూడదు. పొడిని ముందుగా మట్టికుండలో పోసి, పాలూ నీళ్లూ నువ్వులూ కలిపి తడిపి, పడవ అంచున కూర్చొని కుండతో సహా నీటిలోకి దించు. కుండ మునిగేదాకా చెయ్యి తీయవద్దు. డబ్బా, ప్లాస్టిక్ సంచి, పూలదండకు కట్టిన దారం, ఇవేవీ నదిలో వేయకు.

దక్షిణానికి తిరిగి కూర్చోమంటారు, అది పితృదేవతల దిక్కు. తిలోదకాలు వదిలేటప్పుడు నీళ్లు వేళ్ల కొసల నుంచి కాదు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి జారాలి, దాన్ని పితృతీర్థం అంటారు. మంత్రం రాకపోతే పురోహితుడు చెప్పినదే మెల్లగా అను. గోత్రం, మీ నాన్న పేరు, తాత పేరు, ముత్తాత పేరు మాత్రం తడుముకోకుండా చెప్పాలి, ఆ మూడు పేర్లూ ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకో. మంత్రాలకన్నా ఆ మూడు పేర్లు అక్కడ గట్టిగా పలకడమే ఆ పనిలో అసలు భాగమని నాకు ఎప్పటి నుంచో అనిపిస్తుంది.

గోదావరిలో చేశాక కాశీ కూడా వెళ్లాలా అని అడిగావు. అవసరం లేదు. సగరుడి అరవై వేల మంది కొడుకులు కపిలుడి కోపానికి బూడిదైతే, ఆ బూడిద మీదుగా పారించడానికి భగీరథుడు గంగను దించాడన్న కథ నీకు తెలుసు, నదిలో అస్థికలు కలపడానికి మన పెద్దలు చెప్పే ఆధారం అదే. గౌతముడు తెచ్చిన గోదావరిని దక్షిణ గంగ అనడంలో ఉద్దేశం, ఇక్కడివాడు అంతదూరం పోనక్కర లేదనే. మీ నాన్న ఈత నేర్చుకున్నది కోటిలింగాల రేవులో. వాడికి ఇంతకన్నా దగ్గరి నీళ్లు ఎక్కడున్నాయి?

ఇప్పుడు మీ అత్తగారి సంగతి. నా వియ్యపురాలిని నేనింకా చూడలేదు గాని, ఆమె ప్రశ్నలో నాకు వెటకారం కనిపించలేదు. ఆమె పెరిగిన సంప్రదాయంలో చనిపోయినవారిని మళ్లీ లేచే రోజు కోసం మట్టిలో పడుకోబెడతారు, పేరు చెక్కిన రాయి నిలబెడతారు, ఏటా వెళ్లి పూలు పెడతారు. పోయినవారికి ఒక చోటు ఉంటుంది. మనం ఆ చోటే లేకుండా చేస్తున్నామని ఆమెకు తోచి ఉంటుంది. ఆమె దేశంలోనూ దహనం నిన్న మొన్నటి వ్యవహారమే. 1884లో బ్రిటన్‌లోని వేల్స్‌లో విలియం ప్రైస్ అనే వైద్యుడు చనిపోయిన తన పసిబిడ్డను కొండ మీద దహనం చేయబోతే ఊరంతా తిరగబడింది, ఆయన మీద కేసు పెట్టారు. ఇతరులకు ఇబ్బంది కలగనంతవరకు దహనం నేరం కాదని న్యాయమూర్తి తీర్పు చెప్పిన తరవాతే అక్కడ దారి తెరుచుకుంది, 1902లో చట్టం వచ్చింది. రోమన్ కాథలిక్ చర్చి 1963లో గాని దహనానికి ఒప్పుకోలేదు, 2016లో కూడా బూడిదను గాలిలోనూ నీటిలోనూ చల్లవద్దని ఆదేశించింది. ఇదంతా ఆమెను వాదనలో ఓడించడానికి చెప్పడం లేదు. ఎదుటివారి ఆశ్చర్యం ఎక్కడి నుంచి వస్తున్నదో తెలిస్తే నీ కోపం సగం తగ్గుతుందని చెబుతున్నాను.

“శవాలను నదిలో వదిలేస్తారట కదా” అని కూడా ఆమె అడగవచ్చు. అలాంటిదేమీ లేదని బుకాయించకు. ఉంది. సన్యాసులకు జలసమాధి ఉంది, ఎందుకంటే సన్యాసం తీసుకునే రోజునే వారు తమ అగ్నికార్యాలన్నీ వదిలేస్తారు. కాశీ వైపు పసిపిల్లలను, గర్భిణులను, పాము కరిచి పోయినవారిని, కుష్ఠు వ్యాధితో పోయినవారిని కాల్చకుండా రాయి కట్టి గంగలో వదిలే వాడుక ఉంది. పాముకాటు విషయంలో మళ్లీ బతుకుతారేమోనన్న ఆశ కూడా ఉంది. బెంగాల్‌లో బెహులా అనే ఇల్లాలు చనిపోయిన భర్తను అరటితెప్ప మీద ఉంచుకొని నది వెంట వెళ్లి బతికించుకున్న కథ చెప్పుకుంటారు.

ఇదంతా పైవాళ్లకే వింత అని అనుకోకు. మీ తాతగారి అస్థికల్లో కొంత తీసుకొని 1983లో నేను కాశీ వెళ్లాను. మానస సరోవర్ ఘాట్ దగ్గర ఆంధ్రాశ్రమంలో దిగి, తెల్లవారకముందే పడవ మాట్లాడుకొని బయలుదేరాం. మాకు కొంచెం ముందుగా పోతున్న పడవలో ఒక యువకుడు ఒళ్లో చిన్న తెల్లగుడ్డ మూట పెట్టుకొని కూర్చున్నాడు. మూటకు పలకలాంటి రాయి ఒకటి జనపతాడుతో కట్టి ఉంది. నడి గంగలోకి పోయాక అతడు దాన్ని రెండు చేతులా ఎత్తి నీటి మీద పెట్టాడు, అంతే, శబ్దం కూడా రాలేదు. నాకు కడుపులో తిప్పింది. మన వైపు పసిపిల్లలను పాతిపెడతాం గాని ఇలా చేయం కదా, ఇదేం ఆచారం అని పడవవాడిని కోపంగానే అడిగాను. వాడు తెడ్డు ఆపకుండా, “ఆ బిడ్డ ఏం పాపం చేసిందని నిప్పుతో కడగాలి బాబూ? తల్లి ఒళ్లోకి వెళ్లింది” అన్నాడు. ఆ మాటతో నేను పూర్తిగా సమాధానపడ్డానని చెప్పలేను. కాని ఆ యువకుడి చేతులు చూశాక దాన్ని అనాగరికం అనడానికి నాకు నోరు రాలేదు. హిందువునై పుట్టి, నలభై ఏళ్ల వయసులో, నేనే అంత ఉలిక్కిపడితే మీ అత్తగారిని తప్పుపట్టడం ఎలా?

నది పాడవుతుందన్న ఆక్షేపణకు మాత్రం జాగ్రత్తగా జవాబు చెప్పు. గంగ నీళ్లు ఎన్నటికీ చెడవని శాస్త్రవేత్తలే తేల్చారంటూ మనవాళ్లు ఫోన్లలో పంపుకొనే సందేశాన్ని ఆమెకు చూపించకు. 1896లో హాంకిన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త, గంగ నీటిలో కలరా క్రిములు చనిపోతున్నాయనీ, ఆ నీటిని మరిగిస్తే ఆ గుణం పోతున్నదనీ ప్రచురించిన మాట నిజమే. దానికి కారణమని తరవాత చెప్పుకున్న, క్రిములను తినే సూక్ష్మజీవులకు బాక్టీరియోఫేజ్ అని పేరు పెట్టింది 1917లో డెరెల్ అనే ఆయన. అంతమాత్రాన నేటి గంగ శుద్ధమని రుజువు కాదు. నదులను చంపుతున్నది ప్రధానంగా ఊళ్ల మురుగునీరూ, కార్ఖానాల వ్యర్థాలూ. అస్థికలు చాలామటుకు కాల్షియం ఫాస్ఫేటే, ఆ రెండు మూడు కిలోల పొడితో నదికి చెప్పుకోదగ్గ నష్టం ఏమీ ఉండదు. సగం కాలిన శవాన్ని వదలడం వేరు సంగతి, అది తప్పే, దాన్ని సమర్థించకు. కట్టె కొనలేని పేదరికం దాని వెనక ఉంది. ఒక చితికి మూడు నాలుగు వందల కిలోల కట్టె కావాలి. 2021 మే నెలలో బక్సర్ దగ్గరా, గాజీపూర్ దగ్గరా గంగలో తేలిన శవాల బొమ్మలను ఆమె చూసే ఉంటారు. అది ఆచారం కాదనీ, మహమ్మారి రోజుల్లో కట్టెలూ డబ్బూ దొరకని మనుషుల నిస్సహాయత అనీ చెప్పు. దానికి సిగ్గుపడితే పడు, నేనూ పడ్డాను.

చివర్లో, నాకు ఇవేవీ నమ్మకం లేదు, మరి నేను చేయవచ్చా అని చిన్న అక్షరాలతో రాశావు. నెహ్రూ 1954లో రాసిన వీలునామాలో తన బూడిదలో ఒక పిడికెడు అలహాబాద్ దగ్గర గంగలో కలపమన్నారు, ఇందులో తనకు సంబంధించినంతవరకు మతపరమైన అర్థమేమీ లేదని కూడా అందులోనే రాశారు. చిన్ననాటి నుంచి ఆ నది మీద ఉన్న మమకారం చాలన్నారు, తక్కిన బూడిదను విమానంలోంచి పొలాల మీద చల్లమన్నారు. నీకూ ఆ మాత్రం చాలు. నమ్మకం ఉన్నట్టు నటించవద్దు, మీ నాన్న అడిగాడు కాబట్టి చేస్తున్నానని మీ అత్తగారికి చెప్పు. ఆమెకు అన్నిటికన్నా తేలికగా అర్థమయ్యే కారణం అదే.

ఆమెను రేవుకు తీసుకురా, హోటల్లో వదిలిరావద్దు. ఫొటోలు తీసుకోవాలనుకుంటే మన పడవలో మన పని మట్టుకు తీసుకోవచ్చు. పక్కన మరొకరి కర్మ జరుగుతుంటే అటు కెమెరా తిప్పవద్దని ముందే మెల్లగా చెప్పు. ఆమె దండ ఒకటి తెస్తానంటే తెమ్మను. వాళ్ల పద్ధతిలో ఒక ప్రార్థన చదువుతానంటే, తిలోదకాలు అయ్యాక చదవమను. పురోహితుడితో నేను మాట్లాడాను, ఆయనకు అభ్యంతరం లేదు.

కార్తీకం రద్దీ అప్పటికి తగ్గుతుంది గనుక ఉదయం ఆరున్నరకు కోటిలింగాల రేవులో పడవ సిద్ధంగా ఉంటుంది. మెట్లు పాచిపట్టి జారుతున్నాయి, మీ అత్తగారికి నా చేతికర్ర ఇస్తాను. పడవలో ఆమె కింద కూర్చోలేకపోతే మీ పెద్దమ్మ ఇంట్లోంచి పీట ఒకటి తెస్తానంటోంది.

ఆశీస్సులతో,
పెదనాన్న