బడి ఆటస్థలం పనికి వెళ్తే చదువు దెబ్బతింటుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ పరీక్షలు రాసింది. మా ఊరి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పూర్వ విద్యార్థులు ఈ వేసవిలో శ్రమదానంతో ఆటస్థలం తయారు చేస్తున్నారు. తానూ వెళ్తానని పట్టుబడుతోంది. ఎప్‌సెట్, జేఈఈలకు చదవాల్సిన సమయంలో ఇది అవసరమా? వాళ్లిచ్చే ధ్రువపత్రం ప్రవేశాల్లో ఏమైనా పనికొస్తుందా?
- ఒక తండ్రి, నల్గొండ జిల్లా

జవాబు: మీ రెండో ప్రశ్నకు ముందు సమాధానం చెబుతాను. ఆ ధ్రువపత్రం వల్ల జేఈఈ మెయిన్‌లో గానీ, ఎప్‌సెట్‌లో గానీ ఒక్క మార్కు కూడా కలవదు. ఎప్‌సెట్ ప్రవేశాల్లో ఎన్‌సీసీకి, క్రీడలకు ప్రత్యేక కోటాలు ఉన్నాయి కానీ శ్రమదానానికి అలాంటిదేమీ లేదు. సేవా కార్యక్రమాలను గమనించేది ప్రధానంగా అమెరికా విశ్వవిద్యాలయాలు, మన దేశంలో వ్యాసాలు, ఇంటర్వ్యూల ద్వారా విద్యార్థులను ఎంపిక చేసుకునే కొన్ని ప్రైవేటు విశ్వవిద్యాలయాలు. అమెరికాలో చాలా కళాశాలలు వాడే కామన్ అప్లికేషన్‌లో పది కార్యకలాపాల వరకు రాయవచ్చు, ఒక్కోదాని వివరణకు 150 అక్షరాలే ఇస్తారు. అంత చిన్న చోటులో ‘ఆటస్థల నిర్మాణంలో పాల్గొన్నాను’ అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. ‘మీరు స్వయంగా చేసిన పని ఏది?’ అని నేను అడిగినప్పుడు ధ్రువపత్రం చూపించి మౌనంగా ఉండిపోయిన పిల్లలను చాలామందిని చూశాను. కాబట్టి కాగితం కోసమే అయితే పంపవద్దు.

అయినా పంపమనే నా సలహా. ఎంపీసీ చదివే పిల్లల్లో ఎక్కువమంది సివిల్ అంటే ఏమిటో, ఆర్కిటెక్చర్ అంటే ఏమిటో కళ్లతో చూడకుండానే కౌన్సెలింగ్‌లో బ్రాంచిని ఎంచుకుంటారు. అందరూ కంప్యూటర్ సైన్స్ అంటే తామూ అదే అంటారు. ఒక స్థలాన్ని చదును చేయడం, కొలవడం, హద్దులు వేయడం, అందులో ఎవరికి ఎంత చోటివ్వాలో తేల్చడం ఆ చదువులకు తొలిమెట్టు లాంటివి. రుసుము లేకుండా, ఊళ్లోనే, కొన్ని ఉదయాల్లో ఆ పరిచయం దొరుకుతోంది.

ఒక ఉదాహరణ చూడండి. వాలీబాల్ కోర్టు పొడవు 18 మీటర్లు, వెడల్పు 9 మీటర్లు. కానీ ఆటగాళ్లు బంతి కోసం గీత దాటి పరుగెత్తుతారు కాబట్టి నాలుగు వైపులా కనీసం 3 మీటర్ల ఖాళీ వదలాలి. అంటే కావలసిన స్థలం 24 మీటర్లు, 15 మీటర్లు అన్నమాట. నేల నల్లరేగడి అయితే వానకు ఉబ్బి, ఎండకు పగుళ్లిస్తుంది కాబట్టి పైన మొరం పరవాలి. అణిచిన తర్వాత పది సెంటీమీటర్ల మందం మిగలాలంటే 36 ఘనపు మీటర్ల మొరం కావాలి. ట్రాక్టరుకు మూడు ఘనపు మీటర్ల చొప్పున పన్నెండు ట్రిప్పులు అవుతాయి. నీళ్లు చల్లి రోలరుతో తొక్కించాక మొరం కుదించుకుపోతుంది గనుక మరో రెండు మూడు ట్రిప్పులు అదనంగా చెప్పుకోవాలి. వాన నీరు నిలవకుండా కొద్దిపాటి వాలు ఏ వైపుకు ఇవ్వాలి? పొద్దుటి ఎండ, సాయంత్రపు ఎండ ఆటగాళ్ల కళ్లలో పడకుండా కోర్టు పొడవును ఉత్తర దక్షిణాలుగా పెట్టాలంటే అడ్డొచ్చే వేపచెట్టును ఏం చేయాలి? నన్నడిగితే, చెట్టును ఉంచి కోర్టును జరపాలి. చిన్నపిల్లల ఉయ్యాల, జారుడుబల్లలకు నీడ అక్కడే దొరుకుతుంది.

మహిళల కబడ్డీ కోర్టు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. ముగ్గుపిండితో గీతలు గీసే ముందు మూలలు సరిగా వచ్చాయో లేదో తెలుసుకోవడానికి మేస్త్రీ 3, 4, 5 అడుగుల లెక్కతో దారం లాగి చూస్తాడు. ఎదురెదురు మూలల మధ్య దూరం రెండు వైపులా సుమారు 14.42 మీటర్లు వస్తే సరిపోయినట్టే. మీ అమ్మాయి పైథాగరస్ సిద్ధాంతాన్ని పరీక్ష కోసం చదివే ఉంటుంది, దాన్ని టేపుతో, మేకులతో నేల మీద నిరూపించే అవకాశం ఎప్పుడైనా వచ్చిందేమో అడగండి.

పని నచ్చితే దారులు చాలా ఉన్నాయి. సివిల్ ఇంజినీరింగ్ సరే సరి, స్థలాల రూపకల్పన మీద మనసు పోతే బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) లేదా ప్లానింగ్ చదవవచ్చు. విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో బీఆర్క్ ప్రవేశాలు జేఈఈ మెయిన్ రెండో పేపరు ర్యాంకు ఆధారంగా జరుగుతాయి. ఎన్నో ఇతర ఆర్కిటెక్చర్ కళాశాలలకు నాటా పరీక్ష ఉంది. సర్పంచితోనూ, దాతలతోనూ మాట్లాడి పని సాధించడం ఆమెకు ఇష్టమని తేలితే సమాజసేవా రంగం ఉంది, పిల్లలతో ఆటలాడించడమే ఇష్టమైతే వ్యాయామ విద్య ఉంది. నాలుగు రోజులకే విసుగొచ్చి మానేస్తే దాన్ని వైఫల్యంగా చూడకండి; బ్రాంచిని ఎంచుకునేటప్పుడు ఆ విసుగు కూడా లెక్కలోకి వచ్చే సమాచారమే.

కొన్ని షరతులు మాత్రం పెట్టండి. నల్గొండ వేసవిలో ఉదయం ఆరు నుంచి తొమ్మిది వరకే పని, వారానికి మూడు రోజులకు మించకూడదు, మిగిలిన సమయమంతా చదువుకే. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలు జేసీబీ దగ్గరకు, వెల్డింగ్ దగ్గరకు, తవ్విన గుంతల అంచుకు వెళ్లకూడదని ప్రధానోపాధ్యాయులతోనే చెప్పించండి. అన్ని పనుల్లో కొంచెం కొంచెం చేయి వేయడం కంటే, కొలతల బాధ్యత మొత్తం ఆమె ఒక్కతే తీసుకోవడం మేలు. అప్పుడే తప్పు జరిగితే తనదని తెలుస్తుంది, సరిదిద్దుకోవడమూ వస్తుంది. ఇంటర్ తర్వాత డిగ్రీ స్థాయి కాలేజీలో చేరాక ఎన్‌ఎస్‌ఎస్‌ (జాతీయ సేవా పథకం)లో ఇలాంటి పనికే రెండేళ్లలో 240 గంటలు, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఉంటాయి. ఇప్పటి అనుభవం అక్కడ అక్కరకు వస్తుంది.

రోజూ ఒక పేజీ రాయమనండి: ఏం కొలిచింది, ఎక్కడ లెక్క తప్పింది, ఎవరి మాట విని ఏం మార్చింది, పక్కనే చేతితో వేసిన పటం. కాలేజీ తెరిచే ముందు ఆ పుస్తకాన్ని మీరిద్దరూ కలిసి చదవండి. మార్కుల పట్టికలో లేనిది అందులో ఒకటి కనిపిస్తుంది: పటాల పేజీలు నిండుగా ఉన్నాయా, లెక్కల పేజీలు నిండుగా ఉన్నాయా, లేక మనుషుల గురించే ఎక్కువ రాసిందా అన్నది. జేఈఈ మెయిన్ దరఖాస్తులో రెండో పేపరును విడిగా ఎంచుకోవాలి, దానికి రుసుమూ అదనం. బీఆర్క్ కోసం రాసేవారికి అందులో కాగితం మీద బొమ్మ గీసే విభాగం ఉంటుంది గనుక పటాల పేజీలే ఎక్కువగా ఉంటే జూన్ నుంచే డ్రాయింగ్ సాధన మొదలుపెట్టించండి.