కార్స్‌లో 34, ఇసాలో 98: మూడింతలు ముదిరినట్టు కాదు

చెల్లెమ్మా, మీ బాబుకి నిరుడు ఆటిజం ఎంత ఉందో కొలిచే కార్స్ పరీక్షలో 34 వచ్చిందనీ, ఇప్పుడు అమలాపురంలో ఇసా అనే ఇంకో ఆటిజం పరీక్ష చేస్తే 98 వచ్చిందనీ, మూడింతలు ముదిరిందేమోనని నిద్ర పట్టడం లేదనీ రాశారు. కంగారు పడకండమ్మా. అవి రెండు వేరే కొలతలు. కుంచాల లెక్కని కిలోల లెక్కతో పోల్చకూడదు కదా.

కార్స్‌లో 15 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 4. మొత్తం 30 నుంచి 36.5 దాకా స్వల్పం, మధ్యస్థం. 37 నుంచి తీవ్రం. ఇసా మన దేశంలో తయారైంది. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5. అంటే ఏ లక్షణమూ లేని పిల్లాడికి కూడా 40 పడుతుంది! 70 నుంచి 106 స్వల్పం, 153 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. మీ రెండు కాగితాలూ ఇంచుమించు ఒకే మాట చెబుతున్నాయి.

అయితే అంకె ఒక్కటే అంతా చెప్పదు. మా వాణ్ణి మొదటిసారి ఇలాంటి పరీక్షకి తెల్లవారుజామున బస్సెక్కించి తీసుకెళ్ళాం. నిద్ర చాలక, ఆ గదిలో ఫ్యాను రెక్కలు చూస్తూ ఉండిపోయాడు. పది నిమిషాల్లో అంకె వేసి పంపేశారు. ఇంటి దగ్గర రేవులో పంటు కనబడితే వేలు పెట్టి చూపించి, నేను చూశానో లేదో అని నా మొహంలోకి చూస్తాడు. ఆ సంగతి వాళ్ళు అడగనే లేదు, నాకూ చెప్పాలని తట్టలేదు.

అందుకని బాబు అన్నం తినేప్పుడు, ఆడుకునేప్పుడు, పేరు పెట్టి పిలిచినప్పుడు ఫోన్లో చిన్న వీడియోలు తీసి చూపించండి. తేడా తెలియాలంటే ఏడాది పోయాక మళ్ళీ ఇసాయే చేయించండి. సదరం సర్టిఫికెట్‌కి (వైకల్య ధ్రువపత్రానికి) కూడా చూసేది అదే, ఆ కాగితం జాగ్రత్త. థెరపీ మాత్రం ఆపకండమ్మా.