ఫోన్లో మద్యం అలవాటు అంచనా: "ఒక్క క్వార్టరే" అంటే ఎంత రాయాలి?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఫోన్ చేసి ఆడిట్ (మద్యం అలవాటును కొలిచే పది ప్రశ్నల పరీక్ష) ప్రశ్నలు అడుగుతుంటే అందరికీ తక్కువ స్కోరే వస్తోందని, ఫోన్లో జనం నిజం చెప్పరేమోనని అడిగారు. దాచేవాళ్లు ఉంటారు, కాదనను. నేను చూసినంతలో మాత్రం స్కోరు పడిపోయేది ఎక్కువగా మనం కొలత తప్పు రాసుకోవడం వల్లే.

డబ్ల్యూహెచ్‌వో ఆడిట్‌లో ఒక డ్రింక్ అంటే 10 గ్రాముల ఆల్కహాల్. 42.8 శాతం ఉండే 180 మి.లీ. క్వార్టర్లో సుమారు 61 గ్రాములుంటుంది, అంటే ఆరు డ్రింకులు. నైంటీ అంటే మూడు. 650 మి.లీ. బీరు 5 శాతందైతే రెండున్నర, 8 శాతం స్ట్రాంగైతే నాలుగు. వారానికి రెండు మూడుసార్లు క్వార్టర్ వేసే మనిషి "ఒకటే సార్" అన్నాడని ఒకటే రాసుకుంటే మొదటి మూడు ప్రశ్నలకూ (ఎన్నిసార్లు తాగుతారు, తాగిన రోజు ఎన్ని డ్రింకులు, ఆరు లేదా అంతకు మించి ఎంత తరచుగా) కలిపి 3 వస్తుంది. ఈ మూడింటి మొత్తం మగవాళ్లకు 4 నుంచి అనుమానించాలి కాబట్టి ఇతను తప్పించుకుపోతాడు. సరిగ్గా మారిస్తే 3, 2, 3 కలిపి 8! అందుకే "ఎన్ని డ్రింకులు" అని అడగొద్దు. ఏం తాగుతారు, ఏ సైజు సీసా, ఎంతమంది పంచుకుంటారు, మీ వంతు ఎంత అని అడిగి లెక్క మీరు కట్టండి. కల్లు, నాటుసారాల ఘాటు ఒక్కలా ఉండదు. గ్లాసు సైజు, ఎన్ని గ్లాసులన్నది రాసి గుర్తు పెట్టండి, ఊహించి అంకె వేయొద్దు.

"అప్పుడప్పుడు" అన్నది జవాబు కాదు. ఐదు ఆప్షన్లూ ఒక్కసారే చదివితే చివరిది పట్టుకుని "ఆఁ, అదే" అనేస్తారు. నెలకు ఒకసారి కంటే ఎక్కువా అని మొదలుపెట్టి, అవునంటే వారం లెక్కలోకి దిగండి. 9, 10 ప్రశ్నలకు మూడే ఆప్షన్లు (0, 2, 4), అక్కడ పాత అలవాటుతో ఐదు చదవొద్దు. జువ్వలదిన్నె లాంటి తీర ఊళ్లలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు చేపల వేట నిషేధం, తాగుడు మామూలు నెలల్లా ఉండకపోవచ్చు. ఆ రోజుల్లో ఫోన్ చేస్తే ఈ నెల సంగతే చెబుతారు. "పోయిన ఏడాది మొత్తం మీద" అని మొదటి ఎనిమిది ప్రశ్నలకూ గుర్తుచేయాల్సిందే.

సాయంత్రం ఏడు దాటాక చేయకండి. ఎత్తగానే స్పీకర్ ఆపమనండి, పక్కన ఎవరైనా ఉంటే వేరే టైం అడగండి. భార్య పక్కనుండగా "తగ్గించుకోమని ఎవరైనా అన్నారా" అని అడిగితే గొడవ మీరే పెట్టినట్టు. ఆమె చెప్పింది విడిగా రాసుకోవచ్చు, స్కోర్లో కలపకూడదు.

పొద్దున్నే తాగితేగానీ చేతులు వణకడం ఆగదంటే మాత్రం "రేపట్నుంచి మానేయండి" అనకండి. ఒక్కసారిగా ఆపితే 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత మతి తప్పి ప్రాణం మీదికి రావచ్చు. నెల్లూరు లేదా ఒంగోలు ప్రభుత్వ ఆసుపత్రికి పంపండి, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416, మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446 నంబర్లు చెప్పి రాసుకోమనండి.