పాచిక తప్పితే ఏమవుతుంది?

ప్రశ్న: మేం ఐదుగురం ఏడాదిగా ఆదివారాలు మూడేసి గంటలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఒక్కొక్కరు ఒక క్యారెక్టర్‌గా మారి, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట) ఆడుతున్నాం. ఇక అంతరిక్షంలో నడిచే ఆట కావాలి. ట్రావెలర్, స్టార్స్ వితౌట్ నంబర్, ఏలియన్‌లలో ఏది మంచిది? ట్రావెలర్ ఒకసారి ఆడితే ఏ పనీ కాలేదు. లోపం ఆటదా, మాదా?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ముందు ట్రావెలర్ సంగతి తేలుద్దాం. మాంగూస్ అనే సంస్థ వేసిన రెండో ఎడిషన్‌లో మామూలు పనికి రెండు ఆరుముఖాల పాచికలు వేసి, ఆ పనిలో క్యారెక్టర్‌కున్న స్కిల్ అంకె కలిపి 8 చేరాలి. ఏమీ కలవకపోతే 36లో 15 సార్లే అవుతుంది, అంటే 42 శాతం. +1 ఉంటే 58, +2 ఉంటే 72. స్కిల్ అసలు లేకపోతే 3 కోత పడుతుంది. అప్పుడు 11 రావాలి, 36లో 3 సార్లే. మీరు అక్కడే దెబ్బతిన్నట్టున్నారు. స్కిల్ 0 అంటే పని రాదని కాదు, ఆ కోత లేదని. ఆ సున్నాలు ఎన్ని ఎక్కువుంటే అంత మేలు.

క్యారెక్టర్లు తయారయ్యాక గ్రూపంతా వంతులవారీగా పంచుకునే స్కిల్ ప్యాకేజీ ఒకటుంది. దాన్ని దాటేస్తే ఓడలో తుపాకులు పట్టేవాళ్లు ముగ్గురుంటారు, పైలట్ ఉండడు. అందుకే ఎవరింట్లో వాళ్లు క్యారెక్టర్లు చేసుకురావద్దు. మొదటి ఆదివారమంతా కలిసి కూర్చుని ఆ పనే చేయండి. ఆ తయారీలో క్యారెక్టర్ గత ఉద్యోగ జీవితాన్ని నాలుగేళ్లకో విడత చొప్పున నడిపించడమే ఒక చక్కని ఆట. 1977 నాటి మొదటి ఎడిషన్‌లో క్యారెక్టర్ ఆ విడతల్లోనే చచ్చిపోవచ్చు. ఇప్పుడు మామూలుగా ఏదో ప్రమాదం జరిగి ఉద్యోగం ఊడుతుంది.

ఇందులో లెవెల్స్ లేవు, హిట్ పాయింట్లూ (ఎంత దెబ్బ తట్టుకోగలరో చెప్పే అంకె) లేవు. దెబ్బ ముందు ఎండ్యూరెన్స్‌ని (ఓర్పు) తింటుంది, ఆ తర్వాత స్ట్రెంగ్త్‌నో (బలం) డెక్స్‌టెరిటీనో (చురుకుదనం). సగటు మనిషి ఎండ్యూరెన్స్ 7. అసాల్ట్ రైఫిల్ దెబ్బ మూడు పాచికలు, సగటున 10.5. కవచం లేకుండా ఎదురెళ్లడం మానండి.

మీ అలవాటుకి దగ్గరైనది స్టార్స్ వితౌట్ నంబర్. క్లాసులు (క్యారెక్టర్ రకాలు), లెవెల్స్, దాడికి ఇరవై ముఖాల పాచిక అన్నీ తెలిసినవే. స్కిల్స్‌కి మాత్రం ఇక్కడా రెండు ఆరుముఖాల పాచికలే. 2017 నాటి రివైజ్డ్ ఎడిషన్‌కి ఉచిత పీడీఎఫ్ ఉంది, ఆట మొత్తం దాంతోనే నడుస్తుంది. మొదట్లో హిట్ పాయింట్లు దాదాపు ఒక్క ఆరుముఖాల పాచిక మీద పడినంతే, కాబట్టి ఒకే తూటాకి కూలిపోవచ్చు. ఆట నడిపించే గేమ్ మాస్టర్‌కి ఒక మాట: సెక్టార్‌లోని (కథ జరిగే అంతరిక్ష ప్రాంతం) గ్రహాలన్నీ ముందే రాసుకుంటూ కూర్చుంటే ఆట మొదలే కాదు. మొదటివారానికి ఒక్క గ్రహం చాలు.

ఏలియన్ దారి వేరు. వేసిన పాచికల్లో ఒక్కదాని మీదైనా ఆరు పడితే పని అయినట్టు. పడకపోతే మళ్లీ వేయొచ్చు, కానీ ప్రతిసారీ ఒక స్ట్రెస్ పాచిక చేరుతుంది. అది కూడా ఆరు తెచ్చిపెట్టగలదు. దాని మీద ఒకటి పడిందా, భయం పరీక్షే. మూడు స్ట్రెస్ పాచికలుంటే ఆ ముప్పు 42 శాతం. ప్రతి తలుపుకీ పాచికలు వేయిస్తే రాక్షసి కనబడకముందే అందరూ బెదిరిపోతారు. ప్రాణం మీదికొచ్చినప్పుడే వేయించండి.

మీకైతే ముందు ఆ ఉచిత పీడీఎఫ్‌తో నాలుగు ఆదివారాలు ఆడమంటాం. సరుకు రవాణా, ఓడ మీద నలభై ఏళ్ల అప్పు, నెలనెలా ధరలో 240వ వంతు వాయిదా కట్టడం లాంటివి మీ అందరికీ సరదాగా తోస్తే ట్రావెలర్‌కి తిరిగి వెళ్లండి.