మఠానికి వెళ్లాలన్న పిలుపు నిజమేనా?

ప్రశ్న: నా వయసు 24. బెనెడిక్టైన్ మఠంలో (పునీత బెనెడిక్టు నియమావళిని పాటించే కాథలిక్ సన్యాసుల మఠం) చేరాలని రెండేళ్లుగా మనసు లాగుతోంది. ఇది దైవపిలుపా, ఉద్యోగం మీద విసుగా? చేరాక సర్దుకోలేకపోతే?

జవాబు: విసుగు మాత్రమే అయితే మఠంలో వారం రోజుల్లో బయటపడుతుంది. పండగలప్పుడు కాకుండా మామూలు రోజుల్లో వెళ్లి అతిథి గృహంలో ఉండండి. ఒక్కసారి చాలదు, మళ్లీ అదే మఠానికి వెళ్లండి. ఇక్కడి మాటపట్టుల్లో, అంటే దేవునికి చేసే ప్రతిజ్ఞల్లో, 'స్థిరత్వం' ఒకటి. సాధారణంగా జీవితాంతం ఆ ఇల్లే, ఆ సహోదరులే. అందుకే బెనెడిక్టైన్ సన్యాస సభ నచ్చితే సరిపోదు, ఆ ఇల్లు నచ్చాలి.

విద్యా రుణం ఉంటే ముందు తీర్చండి. తీర్చలేని అప్పులున్నవారిని చేర్చుకోకూడదని శ్రీసభ (కాథలిక్ చర్చి) చట్టం.

నోవిషియేట్, అంటే మాటపట్టుకు ముందు శిక్షణ కాలం, కనీసం 12 నెలలు. ఆ కాలంలో ఎప్పుడైనా వెళ్లిపోవచ్చు, అందులో తప్పేమీ లేదు. 15 రోజులకు మించి బయట ఉంటే ఆ రోజులు పూర్తి చేయాలి. మూడు నెలలు దాటితే ఆ నోవిషియేటే చెల్లదు. తర్వాత తాత్కాలిక మాటపట్టు, కనీసం మూడేళ్లు. పునీత బెనెడిక్టు నియమావళి 58వ అధ్యాయమైతే, మాటపట్టు చేసినవారి పాత బట్టలు కూడా దాచి ఉంచమంటుంది, ఒకవేళ వెళ్లిపోతే తిరిగి ఇవ్వడానికి.

తెల్లవారుజామున లేవడం కొన్నాళ్లకు అలవాటవుతుంది. అసలు కష్టం, గంట మోగగానే చేతిలో పని సగంలో వదిలి ప్రార్థనకు వెళ్లడం. కొత్తవారు చేసే పెద్ద పొరపాటు, సొంతంగా అదనపు ఉపవాసాలు పెట్టుకోవడం. నీరసపడతారు, పక్కవారిని తూచడం మొదలుపెడతారు. తపస్సు కాలంలో (ఈస్టర్‌కు ముందు ఉపవాస దినాల్లో) సైతం అలాంటివి మఠాధిపతి అనుమతితోనే చేయాలని ఆ నియమావళి 49వ అధ్యాయం. మనసులో కలిగే ప్రతి తిరుగుబాటునూ నోవిస్ మాస్టర్‌తో (కొత్తవారికి శిక్షణ ఇచ్చే సన్యాసితో) ఆ వారమే చెప్పేయండి.